మతిమరుపు ఎవరి బాకీ?

ఈ మధ్య యాభై దాటినవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాట షుగరుతో మొదలై, బీపీ మీదుగా పోయి, మతిమరుపు దగ్గర ఆగుతోంది. బీరువా తాళాలు ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదని ఒకరంటారు. ఎదురుగా వచ్చి పలకరించిన మనిషి పేరు నాలుకదాకా వచ్చి ఆగిపోయిందని ఇంకొకరంటారు. వెంటనే సలహాలు బయటికి వస్తాయి. రోజూ సుడోకు నింపు, పొద్దున్నే ధ్యానం చెయ్యి, బాదంపప్పు నానేసి తిను, ముఖ్యంగా టెన్షన్ పెట్టుకోకు. చెప్పేవాళ్ళు మంచి మనసుతోనే చెప్తారు. అయితే ఆ సలహాల వెనక ఒక తలంపు దాగి ఉంది. మెదడు నీది, దాన్ని బాగుగా ఉంచుకోవడం నీ పని, అది పాడైతే లోపం నీదే అన్న తలంపు అది.

ఈ తలంపు సరైనదేనా అన్నదే నా ప్రశ్న. మెదడును కాపాడుకోవడం పూర్తిగా ఎవరికి వాళ్ళు చూసుకోవలసిన సొంత వ్యవహారమా? మతి తప్పిన మనిషి తన బాధ్యత సరిగ్గా నెరవేర్చక మనకు బాకీ పడ్డాడా, లేక మనమే ఆ మనిషికి బాకీ పడ్డామా? నేను డాక్టరును కాను, వేదాంతిని అంతకన్నా కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, ఏ పద్దు ఎవరి పేరున రాయాలో చూసుకుంటూ ముప్పై యేళ్ళు గడిపినవాణ్ణి. ఆ అలవాటుతోనే ఈ పద్దును కూడా చూస్తున్నాను.

మన దేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా ఉందని, లెక్క వేస్తే అది సుమారు 88 లక్షల మంది అవుతుందని 2023లో వెలువడిన అంచనా చెప్తోంది. డిమెన్షియా అంటే తాళాలు మరిచిపోవడం కాదు, తాళం ఎందుకో మరిచిపోవడం. దీన్ని గురించి లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఒక నివేదిక ఇచ్చింది. 14 కారణాలను పూర్తిగా తొలగించగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం రాకుండా ఆపవచ్చు, లేదా ఆలస్యం చెయ్యవచ్చు అని దాని సారాంశం. చిన్నప్పుడు తగిన చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్టరాల్, ఊబకాయం, పొగ, మితిమీరిన తాగుడు, వొంటికి పని లేకపోవడం, తలకు దెబ్బ తగలడం, మనోవ్యాకులత, గాలి కాలుష్యం, ఒంటరితనం. ఇవీ ఆ పద్నాలుగు.

ఇప్పుడు ఈ పద్నాలుగింటినీ ఎవరెవరి ఖాతాలో రాయాలి? బీడీ మానడం, నడవడం, బీపీ మాత్ర వేళకు మింగడం నా ఖాతాలోనే రాయండి, ఒప్పుకుంటాను. చిన్నప్పుడు బడికి పోకపోవడం ఎవరి ఖాతా? ఏడేళ్ళ పిల్లను గొర్రెల వెంట పంపింది ఆ పిల్ల కాదు గదా. గాలి చెడిపోవడం ఎవరి ఖాతా? చెవికి మిషన్ కొనడానికి డబ్బు లేకపోవడం ఎవరిది? ఇక ఒంటరితనం. దాన్ని ఎవరూ తమంతట తాము పూర్తిగా తీర్చుకోలేరు, అవతల ఇంకో మనిషి కావాలి. ఈ విధంగా విడదీసి రాస్తే 45లో సగానికి సగం పొరుగువాళ్ళ ఖాతాకో, ప్రభుత్వం ఖాతాకో పోతుంది. మిగతా 55లో వయసు ఉంది, వంశం నుంచి వచ్చింది ఉంది, ఇంకా ఎవరికీ తెలియనిది ఉంది. కాబట్టి మతి తప్పిన ముసలాయనను చూసి ‘ఈయన మెదడుకు పని పెట్టలేదు, అందుకే ఇట్లయ్యింది’ అనేవాళ్ళు లెక్క చూడకుండానే తీర్పు చెప్తున్నారు.

మెదడుకు పని పెట్టడం అన్న మాటను కూడా కొంచెం పరీక్షిద్దాం. సాధన చేస్తే మెదడు మారుతుంది, అందులో సందేహం లేదు. లండన్‌లో టాక్సీ లైసెన్సు కావాలంటే సుమారు 25 వేల వీధులను కంఠతా పట్టాలి. ఆ డ్రైవర్ల మెదడులో, దారులను గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్ అనే భాగపు వెనక వైపు మామూలు వాళ్ళకన్నా పెద్దదిగా ఉన్నట్టు 2000లో ఎలియనార్ మెగ్వైర్ అనే శాస్త్రజ్ఞురాలు చూపించారు. తరవాత 2006లో ఆవిడే వాళ్ళను బస్సు డ్రైవర్లతో పోల్చి చూశారు. ఒక బొమ్మను చూసి కాసేపటి తరవాత జ్ఞాపకం నుంచి గీయమంటే టాక్సీవాళ్ళే వెనకబడ్డారు. ఒకచోట జమ పడితే ఇంకోచోట ఖర్చు పడినట్టుంది!

అమెరికాలో 1998లో మొదలైన ఒక పెద్ద పరిశోధనలో 65 దాటినవాళ్ళు 2,800 మందికి పైగా పాల్గొన్నారు. కొందరికి జ్ఞాపకశక్తిలో, కొందరికి తర్కంలో, కొందరికి కంటితో చూసింది వేగంగా గ్రహించడంలో శిక్షణ ఇచ్చారు. ఎవరికి ఏది నేర్పారో అందులో వాళ్ళు బాగుపడ్డారు. పదేళ్ళ తరవాత చూస్తే తర్కంలో, వేగంలో వచ్చిన లాభం కొంత నిలిచింది గాని, జ్ఞాపకశక్తి శిక్షణ లాభం నిలవలేదు. వేగం నేర్చినవాళ్ళలో డిమెన్షియా కొంత తగ్గినట్టు 2017లో ప్రకటించారు. అంటే శిక్షణ వట్టిదని కాదు, అన్నీ అన్నింటికీ పనికిరావని. లుమోసిటీ అనే మెదడు ఆటల కంపెనీ మాత్రం తన ఆటలు మతిమరుపును ఆపుతాయన్నట్టు ప్రచారం చేసి, తగిన ఆధారం చూపలేక, 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థకు 20 లక్షల డాలర్లు కట్టి కేసు రాజీ చేసుకుంది.

ఇది నాకు వింతగా తోచలేదు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో లెడ్జరు పేజీ పైనుంచి కిందికి వేలు జార్చుకుంటూ మొత్తం చెప్పేసే గుమాస్తాలు ఉండేవాళ్ళు. ఆరునెలలకొకసారి వడ్డీ లెక్కలు నోటితోనే తేల్చేవాళ్ళు. ఆ శక్తి లెడ్జరుకే పనికివచ్చింది. అట్లాంటివాళ్ళే పెళ్ళిరోజు మరిచిపోయి ఇంట్లో తిట్లు తినేవాళ్ళు.

మరి మెదడును నిజంగా నిలబెట్టేది ఏది? దీనికి మన తెలుగు నేల మీదనే ఒక జవాబు దొరికింది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, మరికొందరు కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రకటించారు. వాళ్ళలో 391 మంది రెండు గాని, అంతకన్నా ఎక్కువ గాని భాషలు మాట్లాడేవాళ్ళు. ఒకే భాష మాట్లాడేవాళ్ళకన్నా వీళ్ళకు జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నర యేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు వల్ల అట్లా అయ్యిందేమో అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే బడి మొగం చూడనివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. వాళ్ళలో అది ఆరేళ్ళు. తరవాత 2016లో ఇదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని గురించి రాసింది. జబ్బు తరవాత కూడా ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్ళు, రెండు భాషలవాళ్ళలో నూటికి 40 మంది, ఒకే భాషవాళ్ళలో నూటికి 20 మంది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు తళి గుర్తుకు వచ్చింది. ఒకవైపు కర్ణాటకం, ఇంకోవైపు డెంకణికోట, కొంచెం దూరాన హోసూరు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కచేరిలో తమిళం. మా కౌంటరు దగ్గరికి వచ్చే అవ్వ నాతో తెలుగులో కుశలం అడిగి, పక్కనున్న ఆనేకల్లు వ్యాపారితో కన్నడంలో రాగుల ధర తేల్చుకుని, వెనక్కి తిరిగి తమిళం గుమాస్తాతో తమిళంలో పోట్లాడి, వేలిముద్ర వేసి పోతుంది. ఆమెను నువ్వు మూడు భాషల పండితురాలివి అంటే నవ్వుతుంది. అది ఆమెకు సాధన కాదు, బతుకు.

పరిశోధకులు దీన్ని మెదడు రిజర్వు అంటారు. జబ్బు ఎంత ఉన్నా, తట్టుకుని పని నడుపుకునే శక్తి అని అర్థం. కామర్స్ చదివినవాళ్ళకు ఈ మాట బాగా తెలుసు. రిజర్వు అంటే పెట్టెలో వేరేగా దాచిపెట్టిన నోట్ల కట్ట కాదు. అది మామూలుగా వ్యాపారంలోనే తిరుగుతూ ఉంటుంది, సరుకుగా, యంత్రంగా, రావలసిన బాకీగా. వ్యాపారం ఆగితే రిజర్వు కాగితం మీద మిగిలిన అంకె. అవ్వ మెదడులోని నిల్వ కూడా అట్లాంటిదే అనుకుంటాను. అది సంతలో, కౌంటరు దగ్గర, అరుగు మీద తిరుగుతూ ఉంది. ఆమెను అక్కడినుంచి తీసి నాలుగు గోడల మధ్య కూర్చోబెడితే ఆ నిల్వ ఎన్నాళ్ళు పని చేస్తుంది?

రెండో పక్క కూడా చెప్పాలి. న్యూయార్కులో స్పానిష్ మాట్లాడే వలస వృద్ధులు వెయ్యిమందికి పైగా పాల్గొన్న పరిశోధనలో, రెండు భాషలు వచ్చినంతమాత్రాన డిమెన్షియా తగ్గలేదని 2014లో తేలింది. హైదరాబాదులో కూడా రెండుకన్నా ఎక్కువ భాషలు వచ్చినవాళ్ళకు అదనపు లాభం కనిపించలేదు. కాబట్టి మూడు భాషల ఊరివాళ్ళమని మీసం మెలేసే పని లేదు. ఏ పరిశోధన నిజమో డాక్టర్లు తేల్చుకుంటారు. నా మట్టుకు నాకు తోచేది ఒకటే: భాష వచ్చి ఉండడం వేరు, ఆ భాషలో రోజూ మాట్లాడేవాళ్ళు ఉండడం వేరు.

ఇక్కడ మనకు సంబంధించిన ఒక చిక్కు ఉంది. ‘పిల్లలకు తెలుగు నేర్పండి, మెదడుకు మంచిదట’ అన్న మాట ఈ మధ్య మన సభల్లో వినిపిస్తోంది. తమిళనాడులో 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చి, ఆ విద్యా సంవత్సరం ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పైకి పోయింది. తెలుగు బడుల పిల్లలకు అప్పటినుంచి కష్టాలే. అట్లాంటి పరిస్థితిలో తెలుగుకు ఏ ఆసరా దొరికినా పట్టుకోవాలనిపించడం సహజమే. అయినా ఈ వాదం నాకు నచ్చదు. మెదడుకు రెండు భాషలు చాలంటే, తమిళం, ఇంగ్లీషు చాలు గదా! ఆ లెక్కన తెలుగు అదనపు బరువు. లాభం చూపి నిలబెట్టిన దాన్ని, అంతకన్నా పెద్ద లాభం చూపి పడగొట్టవచ్చు. భాష మందుబిళ్ళ కాదు.

పిల్లకు తెలుగు ఎందుకు కావాలంటే, ఇంట్లో అవ్వ ఉంది గనక. పిల్లకు రెండో భాష ఎక్కడైనా దొరుకుతుంది. అవ్వకు మనవరాలు ఇంకెక్కడా దొరకదు. మతి సన్నగిల్లేటప్పుడు కొందరిలో తరవాత నేర్చిన భాషలు ముందు జారిపోయి, చిన్ననాటి భాష ఒక్కటే మిగులుతుంది. ఆ రోజున ఆ భాషకు జవాబు చెప్పేవాళ్ళు ఇంట్లో లేకపోతే, ఉన్న మతి కూడా ఎవరితో పంచుకోవాలి? కొడుకు హోసూరు సిప్కాట్‌లో షిఫ్టుకు పోతాడు, కోడలు బెంగళూరు బస్సెక్కుతుంది, పిల్ల ఇంగ్లీషు బడిలో ఉంటుంది. అవ్వ చేతికి ఒక ఫోను ఇచ్చి ‘దీంట్లో ఆట ఆడుకో, మెదడుకు మంచిది’ అంటాం. అవ్వకు కావలసింది ఆట కాదు, ఆటలో రెండో మనిషి.

మన పూర్వులకు ఈ సంగతి తెలుసేమో అనిపిస్తుంది. జ్ఞాపకశక్తికి, ఏకాగ్రతకు తెలుగువాళ్ళు తీర్చిదిద్దిన విద్య అవధానం. అష్టావధానమంటే చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డం పడతారు, ఒకరు గంట కొడుతూ ఉంటే లెక్క గుర్తుంచుకోవాలి. వీళ్ళందరి మధ్యా అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనిగట్టుకుని ఏదో ఒకటి అడిగి ధ్యాస చెడగొడతాడు. అవధాని ఆయనను విసుక్కోకుండా, చమత్కారంగా జవాబు చెప్పి సభను నవ్వించి, వదిలిన పద్యం దగ్గరికి తిరిగి రావాలి. ఒత్తిడిని నిర్వహించుకోవడమంటే దీన్ని మించిన పాఠం నాకు కనిపించదు. ఇది గుహలో కూర్చుని చేసేది కాదు. అడ్డం వచ్చేవాళ్ళు కూడా విద్యలో భాగమే. తిరుపతి వేంకట కవులు ఇద్దరై ఈ విద్యను ఊరూరా తిప్పారు. 1920లో తిరుపతిశాస్త్రి పోయిన తరవాత కూడా చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఇద్దరి పేరుతోనే రాశారు.

అయితే అవధాని ఆ పీట మీద తన ఇష్టంతో కూర్చున్నాడు, సభ అతని మేలు కోరేది. అందరి ఒత్తిడీ అట్లాంటిది కాదు. ఇంగ్లండు ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ పరిశోధనలో, పై హోదా అధికారులకన్నా కింది హోదావాళ్ళు గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోతున్నట్టు తేలింది. 1985లో 10,308 మందితో మొదలైన రెండో పరిశోధనలో, తమ పని మీద తమకు పట్టు లేనివాళ్ళకు గుండెజబ్బు ఎక్కువని కనిపించింది. పని ఎక్కువ కావడం ఒక్కటే కాదు, పని మీద అధికారం లేకపోవడం మనిషిని తింటుందన్నమాట. ఎడతెగని ఒత్తిడిలో కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువై, కొత్త జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్‌నే దెబ్బతీస్తుంది.

బ్యాంకు ఉద్యోగులకు ఒత్తిడి మీద శిక్షణ తరగతులు పెడతారు. నేనూ పోయాను. కళ్ళు మూసుకుని ఊపిరి నిదానంగా వదలమన్నారు. మంచిదే, ఇప్పటికీ చేస్తాను. కళ్ళు తెరిచేసరికి ఆ నెల ఇన్సూరెన్సు పాలసీల టార్గెట్ అట్లాగే ఉంది, కౌంటరులో ఖాళీ కుర్చీ అట్లాగే ఉంది. ఒత్తిడి పుట్టించేది ఒకరు, దాన్ని నిర్వహించుకోవలసింది ఇంకొకరు. ఇది పద్దును తప్పు ఖాతాలో రాయడమే. ఊపిరి నా పని, ఖాళీ కుర్చీ నింపడం నా పై వాళ్ళ పని. మొదటిది నేర్పినంతమాత్రాన రెండోది తీరిపోదు.

ఇదంతా చదివి, ‘అయితే మన చేతుల్లో ఏమీ లేదంటావా, అన్నీ ఊరి మీద వేసేసి కూర్చుందామా?’ అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా వంతు నేను చెయ్యాలి. బీపీ, షుగరు చూసుకోవాలి, నడవాలి, నిద్రపోవాలి, చెవి మందగిస్తే సిగ్గుపడకుండా పరీక్ష చేయించుకోవాలి. అన్నీ చేసినా నాకు మతి తప్పవచ్చు. అప్పుడు నన్ను చూసి ‘ఏం తప్పు చేశాడో’ అనుకోకుండా ఉండడం మీ వంతు. మన పల్లెల్లో ‘ముసలోళ్ళకు ఇది మామూలే’ అని వదిలేస్తారు. పట్నాల్లో ‘జాగ్రత్త పడలేదు’ అని నిందిస్తారు. ఒకటి తలరాత మీదికి, ఇంకొకటి రోగి మీదికి నెడుతుంది. రెండింటిలోనూ లాభపడేది ఒక్కరే, పక్కనుండి చూస్తున్న మనం. చెయ్యవలసిన పని ఏదీ మనకు మిగలదు.

చెయ్యవలసినవి పెద్ద పనులేమీ కావు. డెబ్భై దాటినవాళ్ళకు ఇంటివద్దే బ్యాంకు సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో ఆదేశించింది. ఆదేశం మంచిది. దాంతోపాటు, బ్యాంకుకే రావాలనుకునే పెద్దాయనను రానివ్వడం కూడా మంచిది. ఆయన సంతకం వణికి మారిపోయి ఉంటుంది, బాకీ ఎంతుందో రెండుసార్లు అడుగుతాడు, వెనక వరసలోనివాళ్ళు నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పు విన్నాక ఆయన మరుసటి నెల మనవడికి కార్డు ఇచ్చి పంపుతాడు. ఆ విధంగా ఒక మనిషి మూడు భాషల లోకంలోనుంచి ఒక మెట్టు దిగి ఇంట్లోకి పోతాడు. ఎవరూ కీడు తలపెట్టలేదు, అందరికీ తొందర, అంతే.

మెదడు తలకాయకు ఒకటే గాని, దాన్ని నడిపే మాట ఇద్దరిది. అందుకని ఈ ఖాతాను ఒక్కరి పేరున రాయకండి, ఉమ్మడి ఖాతాగా రాయండి. ఇంట్లో పెద్దావిడ ‘ఈ దినం ఏ వారం?’ అని అడిగితే వారం చెప్పండి. మళ్ళా అడిగితే మళ్ళా చెప్పండి. నాలుగోసారి అడిగినప్పుడు, చెప్పాను గదా అనకుండా, ఆమె భాషలో, మొదటిసారి చెప్పినట్టే చెప్పండి.